ఫోనుకి కుట్టిన పరుపు

పరుపులు కుట్టే ఆయన ఫోనుకి చెవుడొచ్చింది. చెవుడంటే వినపడకపోవటం కాదు. చార్జింగు పిన్ను దూర్చే చిల్లు ఉంటుంది చూడు, అందులోకి దూది పోయి కూర్చుంది. పరుపుల కొట్లో దూది పోని చోటేది? కనుబొమ్మల మీద ఉంటుంది. టీ గ్లాసులో ఉంటుంది. జేబులో ఉంటుంది. జేబులో ఫోనుంటే ఫోన్లోనూ ఉంటుంది.

"ఇటివ్వండి, నేను చూస్తా" అని వాళ్ళావిడ సన్న సూది తీసుకుంది. కిటికీ దగ్గరికెళ్ళి, కళ్ళు చికిలించి, చెవిలో గుబిలి తీసినట్టు నెమ్మదిగా తీసింది. పోగు పోగుగా దూది వచ్చింది. దాంతోపాటు లోపల నాలుకలాంటిదేదో వంగిపోయింది. అప్పటిదాకా వైరుని అటూ ఇటూ మెలిపెడితే కాస్తో కూస్తో ఎక్కే చార్జింగు, ఇంక అసలే ఎక్కటం మానేసింది.

"సూదితో ఇన్నేళ్ళు సంసారం చేశా. ఒక్కటీ చెడగొట్టలేదు" అందావిడ, మొహం చిన్నబుచ్చుకుని.

"నాతోనూ చేశావుగా. నేను చెడలేదూ?"

"మీరు వచ్చేటప్పుడే అలా వచ్చారు."

నవ్వుకున్నారు గానీ, ఇద్దరికీ లోపల గుబులే. వాళ్ళ కూతురు బస్సు నడుపుతుంది. దూరాలు పోయే పెద్ద బస్సు. బండి చేరాల్సిన చోటికి చేరి, తాళం తీసి జేబులో వేసుకోగానే ఫోన్ చేస్తుంది. "చేరానమ్మా" అంటుంది. అంతే. ఆ ఒక్క మాట వింటేగానీ తల్లికి గొంతులో ముద్ద దిగదు. ఆ ఫోనూ కూతురిదే. తను కొత్తది కొనుక్కుని, పాతది నాన్నకిచ్చింది. మంచి ఫోనే, బ్యాటరీయే ముసలిదైపోయింది. పొద్దున్న నిండుగా నింపినా మధ్యాహ్నానికి ఆవలిస్తూ ఉంటుంది.

ఫోన్లు బాగుచేసే అతను భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు. "చిల్లు పోయింది. బాగు చేసినా మీ కొట్లో మళ్ళీ దూదేగా! ఒక పని చెయ్యండి. ఇది వైరు గుచ్చకుండా కూడా ఎక్కే రకం. పలకలాంటిది అమ్ముతారు. దాని మీద పడుకోబెట్టండి, చాలు. అదే తాగుతుంది."

"పడుకోబెడితేనా?" అంది ఆవిడ. పడుకోబెట్టటం అనే మాట ఆవిడకి బాగా నచ్చింది.

ఇంటికీ కొట్టుకీ మధ్య దారిలోనే ఉంది ఆ ఫోన్ల షాపు. అద్దాల తలుపు, చల్లగాలి, లోపల తెల్లటి దీపాలు. తలుపు దగ్గర ఆయన ఒకసారి ఆగి చొక్కా దులుపుకున్నాడు. దూది పోగులు గాల్లో లేచి, పోయి పోయి షాపు ఓనరు బల్ల మీదే వాలాయి. ఓనరు వాటిని వేలితో నెట్టి, లోపలికి కేకేశాడు.

వచ్చింది కళ్ళద్దాల పిల్ల. కళ్ళద్దాలు మొహం కంటే పెద్దవి. మాటకి ముందొకసారి, మాట అయ్యాక ఒకసారి వాటిని పైకి తోసుకుంటుంది. ఫోను తీసుకుని ముందు దాని వీపు తిప్పి చూసింది. తర్వాత ఒక పలక మీద పెట్టింది. టింగుమంది. అద్దం మీద పచ్చటి గీత వెలిగింది.

"అదిగో, లేచింది!" అన్నాడాయన, స్పృహ తప్పిన మనిషి కళ్ళు తెరిచినట్టు.

"ఇంట్లో ఎక్కడ పెట్టుకుంటారు బాబాయ్?"

ఆవిడే అందుకుంది. "కుట్టుమిషను పక్కన. సాయంత్రం పూట కుడుతూ మా అమ్మాయి మొహం చూస్తూ మాట్లాడాలి."

"అయితే నిలబడే రకం తీసుకోండి పిన్నీ. ఇదిగో, ఇలా వాల్చి పెడితే మొహం మీకేసే ఉంటుంది. మరి కొట్లో?"

"కొట్లో నిలబెట్టింది నిలబడదు. పరుపులు ఈడుస్తూ ఉంటాం కదా."

"అక్కడికి పడుకునే రకం. కింద రబ్బరు ఉంటుంది, జారదు."

"రెండెందుకే? ఒకటే కొని అటూ ఇటూ మోస్తా" అన్నాడాయన.

"కళ్ళజోడు మోయటమే చేతకాదు మీకు. వారంలో సగం రోజులు నేనే వెనకాల పట్టుకొస్తున్నా. రెండూ ఇవ్వమ్మా."

ఓనరు అటునుంచి గొంతు సవరించుకుని పెద్ద పెట్టె ఒకటి ముందుకి తోశాడు. అందులో ఫోనూ, చేతివాచీ, చెవిలో పెట్టుకునేవీ అన్నీ ఒకేసారి ఎక్కుతాయట. పిల్ల ఆ పెట్టె వంక చూసింది, ఆయన ముంజేతి వంక చూసింది. "మీది కీ ఇచ్చే వాచీ కదా బాబాయ్. మీకిది దండగ" అంది మెల్లగా. ఓనరు మొహం ముడుచుకుంది.

ఆవిడకి మాత్రం పిల్ల అక్కడికక్కడే సొంత మనిషైపోయింది. "ఎన్నాళ్ళైందమ్మా ఇక్కడ?" అని అడిగింది.

"చాలా రోజులైంది పిన్నీ. కానీ ఇన్నాళ్ళూ వెనక గదిలో పెట్టెలు విప్పే పని. కౌంటరు మీదకి ఇప్పుడే రానిచ్చారు." ఓనరుకి వినపడకుండా గొంతు తగ్గించింది. "నేనమ్మింది ఏదన్నా తిరిగొస్తే మళ్ళీ వెనక గదేనట."

"ఎందుకొస్తుందే! మేం కుట్టిన పరుపు ఏనాడన్నా తిరిగొచ్చిందా? నువ్విచ్చిందీ అంతే."

పిల్ల నవ్వి, పెట్టెలు కడుతూ చెప్పింది. "గోడకి పెట్టే ప్లగ్గు మీ పాతదాన్నే వాడితే నత్తలా ఎక్కుతుంది, అందుకే కొత్తవి పెట్టాను. ఇంకొకటి పిన్నీ. పలకకీ ఫోనుకీ మధ్య ఏమీ అడ్డం ఉండకూడదు. పలచటి కవరైతే పర్లేదు. మందంగా ఉంటే మటుకు ఎక్కదు."

సరిగ్గా అప్పుడే ఆయన, అలవాటు చొప్పున, పలకని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. పరుపుని నొక్కినట్టే. "ఇంత గట్టిగా ఉందేమే? దీని మీద ఎవరికి నిద్రపడుతుంది?" అన్నాడు. ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో పిల్ల మాట సగం చెవిన పడింది, సగం గాల్లో పోయింది.

ఇంట్లో నిలబెట్టేది బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ సాయంత్రమే కూతురు మొహం కుట్టుమిషను పక్కన దీపంలా వెలిగింది. "అమ్మా, నీ ముక్కే కనపడుతోంది, కాస్త వెనక్కి జరుగు" అంటూ నవ్వింది. అంతా అయ్యాక ఆవిడ కొట్టుకి తీసుకెళ్ళాల్సిన పలకని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు తడిమింది.

"పాపం, రోజంతా దీని మీదేగా పడుకోవాలి" అంది.

మిగిలిపోయిన చారల గుడ్డలోంచి జానెడు ముక్క కత్తిరించింది. మెత్తగా ఏకిన దూది చిటికెడు చిటికెడుగా తీసుకుని పొరలు పరిచింది. అంచు చుట్టూ గుడ్డని వత్తులా చుట్టి కుట్టింది. పెద్ద పరుపుకైతే దబ్బనంతో అక్కడక్కడా ముడులు వేస్తారు, దూది ఒకచోటికి పోకుండా. దీనికి దబ్బనం ఎక్కడ పడుతుంది? సన్న సూదితోనే వేసింది, ఆవగింజంత ముడులు. నాలుగు మూలలూ లాగి చూసుకుంది. అచ్చం పరుపే. చంటిపిల్లల బొమ్మకి వేసే పరుపులా ఉంది.

"ఇంత పలచటిది నా జన్మలో కుట్టలేదు" అంది.

నిజమే మరి. జానెడెత్తు పరుపులు కుట్టే చేతికి వేలెడు మందం పలచనే. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిందో తెలీలేదు. "ఫోను కాదు, నేను పడుకుంటా దీని మీద" అన్నాడు.

"మీ బొటనవేలు పడుకుంటుంది, పొండి."

మర్నాడు కొట్లో బల్ల మీద పలక, పలక మీద పరుపు, పరుపు మీద ఫోను. కింద పలకకుండే చిన్న దీపం గుడ్డ చాటున పడింది గనక వెలిగిందో లేదో కనపడలేదు. పరుపు మీద పడుకుంది గనక ఎక్కుతోందనే అనుకున్నాడాయన. టింగుమనలేదని తోచనేలేదు. దూది ఏకే మిషను మోతలో టింగేంటి, పిడుగు పడ్డా వినపడదు. వచ్చిన వాళ్ళందరికీ చూపించాడు. "మా ఆవిడ కుట్టింది, ఫోనుకి" అని. చూసిన వాళ్ళు నవ్వారు, ముచ్చటపడ్డారు.

మధ్యాహ్నం ఆవిడ క్యారియరు పట్టుకుని వచ్చింది. దూది బస్తా మీద కూర్చుని, పమిటతో మొహం తుడుచుకుని, "చేసిందా?" అంది.

"ఇంకా లేదు" అంటూ ఆయన ఫోను తీశాడు. నల్లగా ఉంది. నొక్కాడు. తట్టాడు. చొక్కాకి తుడిచి మళ్ళీ నొక్కాడు. చచ్చి ఊరుకుంది.

ఆవిడ క్యారియరు గిన్నెలు విప్పింది, ఆయనకి వడ్డించింది, తన గిన్నెకి మూత పెట్టేసుకుంది. రోడ్డు వంక చూస్తూ కూర్చుంది. దూరంగా బస్సు హారను వినపడ్డప్పుడల్లా ఆవిడ మెడ అటు తిరుగుతోంది. ఈ ఊరి బస్సులవి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

ఆ మూత పెట్టిన గిన్నె చూసేసరికి ఆయన ఒంటికాలి మీద లేచాడు. తింటున్న చెయ్యి కడిగేసుకుని, ఆ చిన్న పరుపుని జాగ్రత్తగా బల్ల సొరుగులో పెట్టి, పలకని సంచిలో పడేసుకుని బయల్దేరాడు. "ఎండలో ఎక్కడికండీ" అని ఆవిడ అంటూనే ఉంది.

షాపు నిండా జనం. ఆయన అద్దాల తలుపు తోస్తూనే మొదలెట్టాడు. "ఏం షాపయ్యా ఇది? పనికిరాని సామాను అంటగడతారా? ఇంట్లోది పనిచేస్తోంది, ఇది చచ్చింది! ఇక్కడ మా ఆవిడ ముద్ద ముట్టకుండా కూర్చుంది!"

కళ్ళద్దాల పిల్ల గబగబా వచ్చింది. "బాబాయ్, ఒక్కసారి ఇటివ్వండి, పెట్టి చూస్తాను..."

"చూసేదేముంది! పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నా!"

కొంటున్న వాళ్ళు కొనటం ఆపి చూస్తున్నారు. ఓనరు ఆ చూపులు చూశాడు. "కస్టమరుతో వాదిస్తావా?" అని పిల్ల మీద పడ్డాడు. "నిన్ను నిలబెట్టటమే నా బుద్ధితక్కువ. చూసి ఇవ్వక్కర్లేదా? కళ్ళద్దాలెందుకు పెట్టుకున్నావ్, అలంకారానికా?" అంటూ అందరి ముందూ ఏకి పారేశాడు. పరుపులాయన రోజూ దూది ఏకేవాడే. దూది ఏకితే పొంగుతుంది. ఈ పిల్ల మాత్రం నలుసంతైపోయింది.

"వెనక్కి పో. పెట్టెలు విప్పు" అన్నాడు ఓనరు.

పిల్ల జేబు మీద తగిలించుకున్న పేరు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టి, వెనక గది తెర తీసుకుని లోపలికెళ్ళింది. ఓనరు కొత్త పలక పెట్టెతో సహా చేతిలో పెట్టి, "ఏమనుకోకండి పెద్దాయనా" అన్నాడు. ఆయన పెద్ద గెలుపు గెలిచినట్టే బయటికొచ్చాడు. ఎండలో నాలుగడుగులు వేశాక ఆ గెలుపు ఎక్కడో గుచ్చుకుంది. తెర ఇంకా ఊగుతున్నట్టే కళ్ళకి కనపడింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఫోను లేవగానే కూతురు ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. "ఎన్నిసార్లు చేశానో! మీకేమైందోనని బస్టాండులో పిచ్చిదాన్లా తిరిగా." ఎవరి కోసం ఎవరు కంగారుపడ్డారో తేలక ముగ్గురూ నవ్వారు.

మర్నాడు కొత్త పలక, దాని మీద అదే పరుపు, దాని మీద ఫోను. ఎండ ఎక్కాక ఒకాయన వచ్చాడు, మంచానికి పరుపు కావాలని. ముడులు ఎలా వేస్తారు, అంచు ఎలా కుడతారు అని వంద ప్రశ్నలు. చెప్పటం కంటే చూపించటం తేలికని, పరుపులాయన ఫోను పక్కకి తీసి, ఆ చిన్న పరుపుని చేతిలోకి తీసుకున్నాడు. రెండో చేతిలో ఉన్న ఫోనుని చూసుకోకుండా పలక మీద పెట్టాడు.

టింగుమంది.

దూది మిషను ఆగి ఉంది గనక ఈసారి వినపడింది. మిషను ఆపింది ఆయనే, బేరం మాట్లాడటానికి. పచ్చ గీత వెలిగింది.

"ఏమిటది?" అన్నాడు వచ్చినాయన.

"ఏం లేదు" అన్నాడు. బేరం ఎలా అయిందో ఆయనకే తెలీదు. ఆ మనిషి అటు వెళ్ళగానే పలక మీద పరుపు వేసి ఫోను పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. పరుపు తీసి పెట్టాడు. టింగు. మళ్ళీ వేశాడు. మౌనం. తీశాడు. టింగు. 'మందంగా ఉంటే మటుకు ఎక్కదు' అన్న మాట, నిన్నగాక మొన్న గాల్లో పోయింది, ఇప్పుడొచ్చి చెవిలో కూర్చుంది.

పిల్లేమో తెర వెనకాల. వెళ్ళి సంగతి చెప్పాలి. ఏమని చెప్పాలి? మా ఆవిడ కుట్టిన పరుపు వల్ల అని. సూదితో చిల్లు చెడగొట్టానని మొన్నంతా మొహం చిన్నబుచ్చుకుంది. ఇప్పుడు ఇంత ముచ్చటగా కుట్టిందీ కీడే చేసిందంటే, ఆవిడ మళ్ళీ సూది పడుతుందా? ముడుల మీద వేలు పోనిచ్చుకుంటూ కూర్చున్నాడు. కక్కలేడు, మింగలేడు.

క్యారియరుతో ఆవిడ వచ్చేసరికి ఫోను బోసి పలక మీద ఉంది.

"దాని పరుపేదీ?"

"సొరుగులో పెట్టా. దూది పడి మాసిపోతోంది."

"దూదికి దూది మాపా?" అందావిడ. ఇంతలో ఫోను మోగింది. "చేరానమ్మా." ఆవిడ మొహం విప్పారింది. గిన్నె మూత తీసింది.

"నువ్వు తిను. నేను ఆ కుట్టు ఒకటి పూర్తిచేసి తింటా" అని ఆయన కొట్టు వెనక్కి పోయాడు. తిరిగొచ్చి, ఆవిడ చెయ్యి కడుక్కుంటున్నప్పుడు తన గిన్నెకి మూత బిగించి క్యారియర్లో పెట్టేశాడు. "తిన్నారా?" "ఆఁ, తిన్నా." ఆవిడ క్యారియరు ఎత్తింది. ఎత్తి, ఒక్క క్షణం ఆయన వంక చూసింది. వెళ్ళిపోయింది.

పొద్దు వాలుతుండగా ఆయనకి ఇంక కూర్చోబుద్ధి కాలేదు. ఒక దారి తోచింది. 'నేనే దాని కింద గుడ్డ పెట్టా, నాదే పొరపాటు' అంటే సరి. ఎవరు కుట్టారని ఎవరడుగుతారు? చిన్న పరుపుని జేబులో పెట్టుకుని, కొట్టు కట్టేసి, షాపు దారి పట్టాడు.

అద్దాల తలుపు అవతల, కౌంటరు ముందు స్టూలు మీద కూర్చుని ఉంది వాళ్ళావిడ. ఒళ్ళో క్యారియరు.

"చూడమ్మా, అయిపోయిందేదో అయిపోయింది, పోనివ్వండి అన్నాగా" అంటున్నాడు ఓనరు. ఆ గొంతు చూస్తే ఆ మాట అప్పటికి చాలాసార్లు అన్నట్టే ఉంది.

"అయిపోతే నేనెందుకు కూర్చుంటానయ్యా? పిల్ల వివరంగా చెప్పింది, మందంగా ఉండొద్దని. నాకు పలచనా మందమా తెలీలేదు, కుట్టా. తప్పు నా చేతిది, తిట్లు ఆ పిల్లకి. నాకిప్పుడు మా అమ్మాయి బస్సులో పెట్టుకునే చార్జరు కావాలి. ఆ పిల్ల చూపిస్తే కొంటా."

"నేను చూపిస్తాగా..."

"నీకేం తెలుసు? కీ ఇచ్చే వాచీ పెట్టుకునే ఆయనకి కరెంటు వాచీ సామాను అమ్మబోయావు."

వెనకున్న వాళ్ళెవరో కిసుక్కుమన్నారు. ఆయన తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడ వెనక్కి తిరక్కుండానే, "వచ్చారుగా. ఇంకో స్టూలుంది, కూర్చోండి" అంది. దూది పోగులు ముందే వచ్చి బల్ల మీద వాలాయి కాబోలు.

ఆయన కూర్చోలేదు. షాపు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. "నిన్న ఇక్కడే నిలబడి అరిచా" అన్నాడు. మామూలుగా ఆయనది నిదానం గొంతు. ఇప్పుడు నిన్న ఎంత గట్టిగా అరిచాడో అంత గట్టిగానూ అన్నాడు, ఏమీ తగ్గించలేదు. "అందరూ వినండి. సామాను మంచిది. పిల్ల మంచిగానే చెప్పింది. నా చెవులే పనిచెయ్యలేదు. ఆ అమ్మాయి 'పెట్టి చూస్తా బాబాయ్' అంటే చూడనివ్వలేదు. అరిచింది నేను, మాట పడింది తను."

షాపంతా చూస్తోంది. నిన్న ఆ చూపులకే ఓనరు పిల్లని లోపలికి పంపాడు. ఇవాళా అవే చూపులు. బల్ల సొరుగు లాగి, బిళ్ళ తీసి, కాసేపు వేళ్ళ మధ్య తిప్పాడు. తర్వాత తెర వైపు చూసి, "అమ్మాయ్, ఇలా రా. మీ పిన్నిగారికి ఏదో కావాలట" అన్నాడు.

తెర కదిలింది. పిల్ల చేతుల నిండా అట్టపెట్టెల పొట్టు. కళ్ళు ఎర్రగా ఉన్నాయో, అద్దాలు మసకగా ఉన్నాయో తెలీలేదు. బిళ్ళ తగిలించుకుంది. అద్దాలు తీసి చున్నీతో తుడుస్తూ, "బస్సుకైతే గట్టిగా పట్టుకునే రకం కావాలి పిన్నీ, కుదుపులకి ఊడకుండా" అంది. గొంతు ముందు కాస్త వణికింది. 'కుదుపుల' దగ్గరికొచ్చేసరికి కుదురుకుంది.

ఆయన జేబులోంచి చిన్న పరుపు తీసి బల్ల మీద పెట్టాడు. ఓనరు కూడా వంగి చూశాడు. "ఇదా?" అన్నాడు. బొటనవేలితో నొక్కి చూశాడు.

"దీని మీద ఫోను పడుకోదని తేలింది" అంది ఆవిడ. పిల్ల చేతిలోంచి కళ్ళద్దాలు అందుకుని, మడిచి, ఆ పరుపు మీద పెట్టింది. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. "ఇదిగో. వీటికి పనికొస్తుంది. తీసిపెట్టినప్పుడల్లా గీతలు పడకుండా."

"కళ్ళద్దాలు లేకపోతే సామాను కనపడదు పిన్నీ" అంది పిల్ల, నవ్వుతూ, గుడ్డిగా చెయ్యి చాపి.

బయటికొచ్చి ఇద్దరూ ఇంటి దారి పట్టారు. బస్సు స్టాపు బల్ల ఖాళీగా కనపడితే ఆవిడ అక్కడ కూర్చుంది. ఆయనా కూర్చున్నాడు.

"నీకెలా తెలిసిందే?"

ఆవిడ క్యారియరు విప్పింది. ఆయన గిన్నె మూత తీసింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది, పైన కూర చెక్కు చెదరలేదు.

"కడుగుదామని తీశా. మీ గొంతులో ముద్ద దిగలేదంటే ఎవరికో ఏదో అయుండాలి. మీకూ నాకూ బానే ఉంది. మనమ్మాయి చేరింది. పరుపేమో సొరుగులో దాచారు. అమ్మింది తిరిగొస్తే వెనక గదేనని ఆ పిల్ల అననే అంది." గిన్నె ఆయన ఒళ్ళో పెట్టింది. "ఆ మాత్రం తెలీదా?"

"నువ్వు బాధపడతావని..."

"పడ్డా. పడితే ఏం? విప్పి మళ్ళీ కుట్టుకోవటం మనకి కొత్తా? తినండి."

ఆయన ముద్ద కలిపాడు. పొద్దున్నెప్పుడో వండింది.

"చల్లారిపోయింది కదూ?" అంది ఆవిడ.

"ఆఁ" అన్నాడు నోటి నిండా ముద్దతో. "దిగుతోంది."